నాలుగు చక్రాలు తిరిగితే క్లచ్ కాలిపోతుందా?

"బావా, కారు అమ్మేద్దామనుకుంటున్నా" అని న్యూజెర్సీ నుంచి మా బావమరిది ఫోన్. కారు సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్, అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే (ఆల్ వీల్ డ్రైవ్) జోరు కారు, 2017 మోడల్, మాన్యువల్. ఏమైందిరా అంటే ఏమీ కాలేదట. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చదివాడట, అప్పట్నుంచి టెన్షన్. ఆ మెసేజ్ నాకు అప్పటికే మూడు గ్రూపుల్లో వచ్చి ఉంది. చెప్పేదిది:

"ఆల్ వీల్ డ్రైవ్ పెర్ఫార్మెన్స్ కార్లలో క్లచ్ నాలుగు చక్రాల్ని తిప్పాలి కాబట్టి దాని మీద రెట్టింపు భారం. అందుకే 30 వేల మైళ్లకే పోతుంది, ఎలా నడిపినా ఇంతే. కాలిన వాసన వచ్చిందంటే అయిపోయినట్టే. కంపెనీ క్లచ్ తీసేసి స్టేజ్-3 వేయించుకోండి. లేదంటే డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ కొనుక్కోండి, ఈ గొడవే ఉండదు."

ఇందులో నిజం చెంచాడు ఉంది. మిగతాదంతా దాని చుట్టూ కలిపిన నీళ్లు.

ముందు ఆ "రెట్టింపు భారం" సంగతి. క్లచ్ ఉండేది ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యన. టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత అని పంచే పని గేర్‌బాక్స్ దాటాక జరుగుతుంది. 2015 నుంచి వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్ ఇంజిన్ ఇచ్చేది దాదాపు 350 న్యూటన్ మీటర్లు. అవతల రెండు చక్రాలున్నా నాలుగున్నా క్లచ్ మోసేది ఆ 350నే. పైగా పెడల్ పూర్తిగా వదిలాక ప్రెషర్ ప్లేట్ అనే స్ప్రింగు బిళ్ల క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రానికి) అదిమి పట్టుకుంటుంది. జారుడు లేదు, కాబట్టి అరుగుదలా లేదు. హైవే మీద వంద మైళ్లు పోయినా ప్లేటు వెంట్రుకవాసి అరగదు. క్లచ్ అరిగేది మైళ్లలో కాదు, జారిన సెకన్లలో.

ఆ చెంచాడు నిజం ఉన్నది ఇక్కడే. ఆగి ఉన్న కారును ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) బాగా లేపి, క్లచ్ వదిలేసి దూకించారనుకోండి. ముందు చక్రాలతో మాత్రమే నడిచే కారైతే టైర్లు కీచుమని రోడ్డు మీద జారతాయి. చక్రాలు అప్పటికే గిర్రున తిరుగుతున్నాయి కాబట్టి క్లచ్ తొందరగా పట్టేస్తుంది, మిగతా జారుడంతా టైర్ల ఖాతాలోకి పోతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో నాలుగు టైర్లూ రోడ్డును పట్టుకుని కూర్చుంటాయి. ఎక్కడో ఒకచోట జారక తప్పదు, జారడానికి మిగిలింది క్లచ్ ఒక్కటే.

ఎంత తేడా ఉంటుందో లెక్క వేసి చూద్దాం. ఇంజిన్ వేగం ఒకేచోట నిలబెట్టి క్లచ్ వదిలితే, అది పూర్తిగా పట్టేలోపు అందులో వేడిగా మారే శక్తి, కారు అందుకున్న చలన శక్తికి దాదాపు సమానం. మనుషులతో కలిపి కారు 1600 కిలోలు అనుకుందాం. 1500 ఆర్‌పీఎం దగ్గర మామూలుగా కదిలిస్తే మొదటి గేర్లో క్లచ్ పట్టేసరికి వేగం గంటకు 13 కిలోమీటర్లు ఉంటుంది. క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 10 కిలోజౌళ్లు. అదే 5000 దగ్గర వదిలితే వేగం 43, వేడి 110 దాటుతుంది. ఆర్‌పీఎం పెరిగింది మూడు రెట్ల చిల్లర, వేడి పెరిగింది పదకొండు రెట్లు. ఒక్కసారికి ఫ్లైవీల్ ఆ వేడిని మింగేస్తుంది. చల్లారే టైమ్ ఇవ్వకుండా వరసగా పదిసార్లు చేస్తే మాత్రం ఏ కంపెనీ క్లచ్ అయినా చేతులెత్తేస్తుంది.

మరి ఎలా నడిపినా 30 వేలేనా? నా కారు 2015 డబ్ల్యూఆర్‌ఎక్స్. 94 వేల మైళ్ల దగ్గర మొదటిసారి గేర్‌బాక్స్ దించారు. అది కూడా రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే క్లచ్‌ని విడదీసే భాగం) గరగరమంటోందని, క్లచ్ జారుతోందని కాదు. ఎలాగూ దించాం కదా అని ప్లేటు కూడా మార్పించాను. పాత ప్లేటు చేతిలోకి తీసుకుని చూస్తే రివెట్ల తలలు ఇంకా కిందనే ఉన్నాయి, పైన మెటీరియల్ బాగానే మిగిలింది. పక్క బల్ల మీద అదే మోడల్ కారుది ఇంకో క్లచ్ పడి ఉంది, 22 వేల మైళ్లట. ఫ్లైవీల్ మీద రూపాయి బిళ్లంత నీలం మచ్చలు, మధ్యలో సన్నటి పగుళ్లు. ప్లేటు రివెట్ల దాకా అరిగి, ఆ రివెట్లు ఫ్లైవీల్‌ని గీకేశాయి. ఆ కారు నడిపే కుర్రాడు సాఫ్ట్‌వేర్ మార్చి బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి గాలి నెట్టే ఒత్తిడి) పెంచాడు, శనివారాలు డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి రేసుల ట్రాక్‌కి) వెళ్తాడు. అది అతని సరదా, నేను కాదనను. కానీ ఆ బిల్లు ఆల్ వీల్ డ్రైవ్ పేరున రాస్తే ఎలా?

రేసులకు వెళ్లనివాళ్లు కూడా క్లచ్‌ని చంపగలరు, అదీ మెల్లగా. ఎత్తు మీద బ్రేక్ వాడకుండా హాఫ్ క్లచ్‌తో (పెడల్ సగమే వదిలి) కారును నిలబెట్టడం, మంచులో కూరుకుపోయిన కారును ముందుకీ వెనక్కీ ఊపడం, ట్రాఫిక్‌లో పెడల్ మీంచి కాలు తీయకపోవడం. మా బావమరిది ఇంటి ముందు డ్రైవ్‌వే నిట్టనిలువు. రోజూ సాయంత్రం దాన్ని రివర్స్‌లో ఎక్కిస్తాడు, పొద్దున తిన్నగా బయటికి రావచ్చని. వాడి కారులో క్లచ్‌కి శత్రువు ఎవరైనా ఉంటే ఆ పదిహేను అడుగులే.

వాసన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్లేటులోని రెసిన్ (జిగురు లాంటి పదార్థం) వేడెక్కితే కంపు కొడుతుంది. ఒకసారి వచ్చి పోతే కంగారు లేదు, రోజూ వస్తుంటే చూపించాలి. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో 2500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ఎగిరి, వేగం దాని వెంట రాకపోతే క్లచ్ జారుతున్నట్టు. రెండూ కలిసి పెరిగితే ఇంటికెళ్లి పడుకోండి.

ఇంకో తికమక కూడా ఉంది. ఇలాంటి కార్లలో 'క్లచ్' అనే పేరున్నవి ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. టయోటా జీఆర్ యారిస్‌లో వెనక చక్రాలకు టార్క్ పంపేది ఎలక్ట్రానిక్ మల్టీప్లేట్ క్లచ్. ఫోర్డ్ ఫోకస్ ఆర్‌ఎస్‌లో వెనక ఎడమకొకటి, కుడికొకటి. మాన్యువల్ డబ్ల్యూఆర్‌ఎక్స్ మధ్య డిఫరెన్షియల్‌లో (ముందు, వెనక చక్రాలకు టార్క్ పంచే భాగంలో) విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో పనిచేసే జోడింపు) ఉంటుంది. వీటిని పాడుచేసేది మీ ఎడమ కాలు కాదు. రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి వేసుకుని తిరిగితే ముందూ వెనకా వేగాలు కలవక ఇవి లోపల నిరంతరం పెనుగులాడుతుంటాయి. నాలుగు టైర్ల చుట్టుకొలతలో తేడా పావు అంగుళం దాటకూడదని సుబారు చెప్పేది ఇందుకే.

స్టేజ్-3 సలహా మాత్రం నాకు నిజంగా కోపం తెప్పించింది. స్టేజ్ అనేది అమ్మేవాడు పెట్టుకున్న అంకె, ఒకడి 3 ఇంకొకడికి 2. సాధారణంగా అందులో ఉండేవి గట్టి స్ప్రింగ్, సిరామిక్ ముక్కల ప్లేటు. ఎక్కువ టార్క్ మోస్తుంది, ఎక్కువ వేడి తట్టుకుంటుంది, నిజమే. కానీ మెత్తగా పట్టుకోవడం దానికి రాదు. పట్టుకుంటే ఒక్క కుదుపే. పెడల్ రాయిలా ఉంటుంది, ఫ్లైవీల్ తొందరగా అరుగుతుంది. నాలుగు టైర్లు జారని కారులో క్లచ్ కూడా జారనంటే ఆ దెబ్బ పడేది గేర్ల పళ్ల మీద. ఫ్యూజు పోతోందని దాని బదులు ఇనప మేకు పెట్టినట్టుంటుంది. ఇంజిన్ పవర్ పెంచుకున్నవాళ్లకు దాని అవసరం ఉండొచ్చు. కంపెనీ ఇచ్చినట్టే ఉన్న కారుతో ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి ఎందుకు?

ఇక డ్యూయల్ క్లచ్ కొంటే గొడవే ఉండదట. పేరులోనే రెండు క్లచ్‌లున్నాయి! నిస్సాన్ జీటీ-ఆర్‌లో అవి నూనెలో మునిగి ఉంటాయి, కంప్యూటర్ నడుపుతుంది, మన కాలు కంటే ఓపిగ్గానే నడుపుతుంది. అయినా 2008లో ఆ కారు అమెరికాకు వచ్చిన కొత్తలో లాంచ్ కంట్రోల్ (ఆగి ఉన్న కారును ఒక్కసారిగా దూకించే ఏర్పాటు) వాడి గేర్‌బాక్స్‌లు పగలగొట్టుకున్నవాళ్లున్నారు. వారంటీ విషయంలో పెద్ద రచ్చే అయింది. చివరికి నిస్సాన్ సాఫ్ట్‌వేర్ మార్చి లాంచ్ ఆర్‌పీఎం తగ్గించింది.

ఇదంతా ఫోన్లో చెబితే మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బావా, నాలుగో గేర్ టెస్ట్ చేస్తా కానీ, పోయిన నెల ముందు టైర్లు రెండే మార్పించా" అన్నాడు.

"వెనకవి ఎంత అరిగాయి?"

"సగం పైనే."

కారు అమ్మలేదు. ఆ వారంలోనే మిగతా రెండు టైర్లూ మార్పించాడు. డ్రైవ్‌వే మాత్రం ఇంకా రివర్స్‌లోనే ఎక్కిస్తున్నాడు.