కరువు అందరిదీ, వలస కొందరిదీ

పాలమూరు వలసల గురించి ఎవరిని కదిలించినా మొదట వినిపించే మాట కరువు. వానల్లేవు, చెరువులు ఎండాయి, జనం పోయారు అంటారు. ఇందులో అబద్ధం లేదు. అయితే అదే ఊళ్లో, అదే కరువు ఏడాదిలో కొన్ని కుటుంబాలు మూటముల్లె సర్దుకుని బొంబాయి బస్సెక్కితే కొన్ని ఇల్లు కదలలేదు. కదలని వాళ్ల చేన్ల మీదా వాన పడలేదు. సామాజిక శాస్త్రం కారణాన్ని వెతకడం మొదలుపెట్టేది ఈ తేడా దగ్గరే.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1897లో ఆత్మహత్యల మీద అధ్యయనం ప్రచురించాడు. అంతకన్నా వ్యక్తిగతమైన చర్య ఉండదని లోకం అనుకునే విషయాన్నే తీసుకుని, చనిపోయిన ఒక్కొక్కరి గోడును పక్కనబెట్టి రేట్లను చూశాడు. ఒక సమాజంలో ఆ రేటు ఏటేటా దాదాపు నిలకడగా ఉంటోంది, ప్రొటెస్టెంట్లలో ఎక్కువగా, కాథలిక్కుల్లో తక్కువగా కనిపిస్తోంది. మనుషులు మారుతున్నా రేటు మారడం లేదంటే దాని కారణం ఆ మనుషుల మనసుల్లో కాక వాళ్లను కలిపి ఉంచే ఏర్పాటులో ఉండాలన్నది ఆయన వాదన. ఆయన వాడిన లెక్కల్లో లోపాలున్నాయని తర్వాతి వాళ్లు ఎత్తిచూపారు కానీ, ఆయన వేసిన ప్రశ్నను ఎవరూ కొట్టిపారేయలేకపోయారు. అమెరికాలో సి. రైట్ మిల్స్ 1959లో దాన్నే మరింత సూటిగా చెప్పాడు: లక్ష మంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేకపోతే వాడి గుణాన్నీ నైపుణ్యాన్నీ చూడవచ్చు, 5 కోట్ల మంది శ్రామికులున్న దేశంలో కోటిన్నర మందికి పని లేకపోతే చూడవలసింది దేశాన్ని.

ఈ కొలతతో చూస్తే పాలమూరులో అడగవలసింది ఎవరు పోయారన్నది. పోయిన వాళ్లలో ఎక్కువ మంది భూమి లేని దళితులు, తండాల లంబాడాలు, రెండు మూడెకరాల మెట్ట చెలక తప్ప మరేమీ లేని వెనుకబడిన కులాల రైతులు. గద్వాల, వనపర్తి సంస్థానాల కాలం నుంచి మంచి భూమి, చెరువు కింది భూమి ఎవరి చేతుల్లో ఉంటూ వచ్చిందో, ఎవరు వెట్టి చేశారో తెలిసిన వాళ్లకు ఈ జాబితా ఆశ్చర్యం కలిగించదు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది ఈ ఉమ్మడి జిల్లాలోనే, తుంగభద్ర దీని అంచునే పారుతుంది. నది లోతున, చేలు ఎత్తున ఉన్న చోట నీళ్లు ఎక్కించడానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడి ఎటు పోవాలో నిర్ణయించేది రాజకీయం.

కరువు మనిషిని ఊరు దాటించగలదేమో కానీ, ఎక్కడికి, ఏ షరతుల మీద పోవాలో కరువు చెప్పదు. అది చెప్పింది కూలీలను కూడగట్టి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ. ఆయన బయటివాడు కాదు, చాలాసార్లు అదే ఊరివాడు, వరసకు మామో బావో అవుతాడు. పెళ్లికో, అప్పు తీర్చడానికో, గింజలు కొనడానికో అక్కరపడిన వేళ అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆలుమగలిద్దరూ వచ్చి పని చేయాలి, వారం వారం ఖర్చులకే ఇస్తారు, అసలు లెక్క పని ముగిశాకే. కట్టల మీద, కాలువల మీద పని చేయించే కాంట్రాక్టరుకు కావలసింది నడుమ వదిలిపోలేని కూలీ. భాష రాని దూర ప్రాంతంలో, అడ్వాన్సు బాకీతో ఉన్న పాలమూరు జంట దానికి సరిగ్గా సరిపోయింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం 1979లో వచ్చింది. రెండూ ఉండగానే ఇదంతా నడిచింది. అంటే వలసకు కరువు ఎంత కారణమో, దేశమంతటా ప్రాజెక్టులు కట్టిన పద్ధతీ అంతే కారణం.

ఇక మన రచ్చబండల దగ్గర బాగా చెల్లే కారణం మరొకటి ఉంది. వాళ్లకు అదే అలవాటు, చేతిలో పైసా నిలవదు, తాగి తగలేస్తారు అంటారు. దీనికి చదువుకున్న రూపం కూడా ఉంది. మానవశాస్త్రజ్ఞుడు ఆస్కార్ లూయిస్ ‘పేదరిక సంస్కృతి’ అన్న భావనను ముందుకు తెచ్చాడు: పేదరికంలో పుట్టిన ఆలోచనా రీతులు తరం నుంచి తరానికి దిగి పేదరికాన్ని నిలబెడతాయన్నది దాని సారం. లూయిస్ ఆ రీతులకు మూలం ఆర్థిక వ్యవస్థలోనే ఉందన్నాడు కానీ, ఆయన మాటను అరువు తెచ్చుకున్న వాళ్లు ఆ సగాన్ని వదిలేశారు. 1971లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం రయాన్ దీన్ని బాధితుడి మీదే నేరం మోపడం అన్నాడు. నా మట్టుకు రయాన్ పక్షమే సరైనదనిపిస్తుంది. తాగుడు లేదని కాదు. సందుకొక బెల్టు షాపు వెలిసే ఊళ్లో, ఎక్సైజు రాబడి మీద ఖజానా ఆధారపడే రాష్ట్రంలో, తాగుడు కేవలం తాగినవాడి బలహీనత అనడానికి నోరు రాదు.

అలాగని మనిషి నిర్ణయాలకు విలువే లేదని కాదు. పాలమూరు పక్కనే ఉన్న నల్లగొండ మెట్టల్లో బోరు వేసే రాత్రిని చూడాలి. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కొబ్బరికాయ నిటారుగా లేచిన చోట పాయింటు పెట్టి ఉంటారు. బోరుబండి మోతకు ఊరు నిద్రపోదు. తెల్లటి దుమ్ము లేస్తూనే ఉంటుంది, ఎక్కడా తడి తగలదు. మూడు వందల అడుగుల దగ్గర డ్రైవరు రైతు ముఖంలోకి చూస్తాడు. ఇక్కడిదాకా పోసిన డబ్బు దండగ కాకూడదనే ఆశతో రైతు ఇంకో వంద దించమంటాడు. అడుగుకింత చొప్పున అప్పు కూడా దిగుతూ పోతుంది. పక్క చేనాయన నిరుడు లోతుకు దించాడు కాబట్టి ఈయనకు దించక తప్పలేదు, ఈయన దించాడు కాబట్టి వచ్చే ఏడు ఇంకొకరికి తప్పదు. ముషంపల్లి లాంటి ఊళ్లు బోర్ల ఊళ్లుగా పత్రికలకెక్కింది ఇలాగే. ఒక్కొక్కరి లెక్క సబబే, అందరి లెక్కా కలిస్తే భూగర్భం ఖాళీ. తలపెట్టని ఫలితాల గురించి అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1936లో రాసిన వ్యాసానికి మన నేల మీద ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు. బోర్లను అదుపు చేయాలన్న వాల్టా చట్టం 2002లో వచ్చింది, అయినా కాలువ రాని చోట రైతుకు బోరు తప్ప మరో దారి చూపలేకపోయింది.

బోరు లోతుకు పోయే కొద్దీ గ్రానైటు పొరల్లోని ఫ్లోరైడు నీళ్లతో పాటు పైకొచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో తరాల తరబడి అంతకు మించి తాగారు, వంకరపోయిన కాళ్లతో, వంగిన నడుములతో బతికారు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఈ జిల్లాలోనే ఉంది. దాని ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్‌లను తడిపింది, దేవరకొండ, మునుగోడు మెట్టలకు ఎక్కలేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే ‘నల్లగొండ టెక్నిక్’ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది కానీ కృష్ణ నీళ్లు మర్రిగూడ దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

ఇంత కళ్లముందు ఉన్నది ఇన్నేళ్లు ఎందుకు ‘సమస్య’ కాలేదు? అమెరికా సామాజిక శాస్త్రవేత్త హెర్బర్ట్ బ్లూమర్ 1971లో చెప్పినదాని ప్రకారం బాధ ఉన్నంత మాత్రాన అది సామాజిక సమస్య కాదు, ఎవరో దాన్ని సమస్యగా నిలబెట్టి సమాజం చేత ఒప్పించాలి, ఆపైన ప్రభుత్వం దాన్ని తనకు అనువైన రూపంలోకి మార్చుకుంటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది బరిలో నిలిచారు, నీటి గోడు దేశానికి వినిపించాలని జలసాధన సమితి నడిపిన పోరాటంలో భాగంగా వేసిన నామినేషన్లే అందులో ఎక్కువ. దేశం విన్నది. తమిళనాడులో మొడకురిచ్చి, కర్ణాటకలో బెల్గాం కూడా అప్పుడే ఇలాంటి వార్తలకెక్కాయి. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. నీళ్ల సమస్య కాస్తా అభ్యర్థుల సంఖ్య సమస్యగా మారి, దాని పరిష్కారం ముందు దొరికింది. బ్లూమర్ చెప్పింది అక్షరాలా జరిగిందనవచ్చు.

బ్లూమర్ తర్వాత వచ్చిన కొందరు సమస్యలన్నీ చెప్పుకోవడంలోనే పుడతాయన్నంత దూరం వెళ్లారు, అక్కడ నేను ఆగిపోతాను. ఎవరూ నోరెత్తకపోయినా ఫ్లోరైడు ఎముకలో పేరుకుంటూనే ఉంటుంది. పైన చెప్పిన సిద్ధాంతాల్లో ఒక్కటే నిజమని పట్టుకుంటే ఈ జిల్లాల చరిత్రలో సగం జారిపోతుంది. నేల, భూమి పంపకం, మేస్త్రీ అడ్వాన్సు, రైతు ఆశ, ప్రభుత్వపు చెవి కలిసి పని చేశాయి. వాటిలో ఏ ఒక్కదాన్ని ముందు పెడతామన్న దాన్ని బట్టి జవాబుదారీ ఎవరి మీదికి పోతుందో మారుతుంది. కరువు అంటే దేవుడి మీదికి, తాగుడు అంటే కూలీ మీదికి పోతుంది. భూమి, నీళ్లు, కాంట్రాక్టు అన్నప్పుడు మాత్రమే పేరూ పదవీ ఉన్న మనుషులు జవాబు చెప్పవలసి వస్తుంది, బహుశా అందుకే ఆ మాట అంత తరచుగా వినపడదు.

ఇప్పుడు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు పారిన చోట వరి పెరిగింది. నాట్ల కాలంలో బీహారు నుంచి, బెంగాల్ నుంచి గుంపులు దిగుతున్నాయి. ఎకరాకింత అని గుత్తకు మాట్లాడుకుని, పొలం గట్ల దగ్గరి షెడ్లలో వంట చేసుకుంటూ, తమ మేస్త్రీ చెప్పిన చేనికి పోతున్నారు. వాళ్ల జిల్లాల్లో భూమి ఎవరిది, వాళ్ల మేస్త్రీ ఎంత అడ్వాన్సు ఇచ్చాడు అని ఇక్కడ అడిగేవాళ్లు తక్కువ. వాళ్లకు కష్టం అలవాటేనన్న మాట మాత్రం నారుమడి దగ్గర అప్పుడే వినిపిస్తోంది.