సంక్రాంతికి చూసి ఇల్లు కట్టకండి

మొన్న మా రిటైర్డ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒక మాస్టారు కోనసీమ ఫొటో పెట్టారు. నిండు కాలవ, గట్టుకి రెండు వైపులా కొబ్బరిచెట్లు, పొద్దుటి మంచు, చెట్ల వెనకాల పెంకుటిల్లు. కింద "శేషజీవితం గడిపితే ఇలాంటి చోట గడపాలి" అని రాశారు. అరగంటలో వరసపెట్టి దండాలు, చప్పట్లు, పూలగుత్తులు. ఎవరెవరు పెట్టారా అని పైకీ కిందకీ జరిపి చూశాను. అందరూ మాస్టార్లే. ఒక్క టీచరమ్మ కూడా నోరు మెదపలేదు. నేనూ అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

ఆ ఫొటో జనవరిలో తీసింది. మంచే చెబుతోంది. అదే గట్టు మీద మే నెలలో నిలబడి తియ్యమనండి. దాళ్వా, అంటే రెండో పంట వరి కోతలు అవుతుండగానే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలేదాకా ఆ కాలవలో ఉండేది నల్లబురద, ఎండిన గుర్రపుడెక్క, ఏడాది పొడుగునా ఊరంతా విసిరిన ప్లాస్టిక్ కవర్లు. మధ్యాహ్నం గాలి అటునుంచి తిరిగిందంటే కిటికీ తలుపులు మూసుకోవాలి. మూస్తే కరెంటు ఉండదు. మంచినీళ్ళ చెరువు అడుక్కి వెళ్ళిపోతుంది, కుళాయి నీళ్ళకి పాచివాసన. ఇంటికి రోజూ ఒక టిన్ను నీళ్ళు కొనుక్కోవాలి. గోదావరి పాయల మధ్య పుట్టి, పెరిగి, తాగే నీళ్ళు కొనుక్కోవడం ఏమిటో ఆ దండాలు పెట్టినవాళ్ళనే అడగాలి.

సంక్రాంతి అనేది కోనసీమకి పెళ్ళిచూపుల రోజు. ఊరు ముస్తాబై కూర్చుంటుంది. ఎండ ఉండదు, వాన ఉండదు, దోమలు కూడా కాస్త మర్యాదగానే ఉంటాయి. హైదరాబాదు, బెంగళూరు కార్లన్నీ దిగుతాయి. కనుమ నాడు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ళవాళ్ళు దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చిన ప్రభలూ వరసగా నిలబడితే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. కానీ ఆ నాలుగు రోజులు చూసి, ఐదో రోజు తాపీమేస్త్రిని పిలిచేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. మా ఆయన పిలిచారు కాబట్టి చెబుతున్నా.

నేను 2024లో రిటైరయ్యాను. రెండేళ్ళ ముందే అవ్వాల్సింది, 2022లో వయసు 62 చేశారు కాబట్టి ఆగింది. మా ఆయన జూనియర్ కాలేజీ లెక్కల లెక్చరరుగా 2018లోనే దిగిపోయారు. ఆరేళ్ళుగా ఆయన మనసులో ఒకటే ప్లాను: మా అత్తగారి ఊళ్ళో మండువా ఇల్లు బాగుచేయించి అక్కడ స్థిరపడటం. ఊరి పేరు రాయను, రాస్తే రేపు పొద్దున్నే మా మరిది ఫోన్ చేస్తాడు. పి.గన్నవరం అక్విడక్టు, అంటే కాలవని ఏటి మీదుగా దాటించే వంతెన, దాటి కొంత దూరం వెళ్ళాక వచ్చే ఒక గోదావరి లంక అనుకోండి. నేను రిటైరైన వారానికి నోట్‌బుక్కులో గీసిన ప్లాను తెచ్చి నా ముందు పెట్టారు. ఖర్చు పాతిక లక్షలు. మండువాలో ఉయ్యాల బల్ల ఎక్కడ వేలాడాలో కూడా గీశారు, గొలుసులతో సహా.

"బాత్రూం ఎక్కడండీ?" అన్నాను.

"పెరట్లో ఉందిగా" అన్నారు.

నాకు ఇరవై మూడేళ్ళప్పుడు మా నాన్నగారు ఆ ఊరు చూశారు, సంబంధం కుదిర్చారు, నేను వెళ్ళాను. ఉద్యోగం వచ్చాక ఏ ఊళ్ళో ఖాళీ ఉంటే ఆ ఊరు. పడవ దాటి వెళ్ళి పాఠాలు చెప్పిన బళ్ళు రెండున్నాయి. పిల్లల చదువులప్పుడు ఏ కాలేజీ దగ్గరైతే ఆ వీధి. అరవై రెండేళ్ళొచ్చాక, మొదటిసారి ఎవరైనా "ఎక్కడుందామే?" అని అడుగుతారనుకున్నా. ఉయ్యాల బల్ల బొమ్మ చూపించారు.

ఆయన దృష్టిలో ఆ ఇల్లు అమ్మ చేతి అన్నం, గోదాట్లో ఈతలు, దింపు రోజున, అంటే కొబ్బరికాయలు దించే రోజున, వాకిట్లో గుట్టపోసిన కాయలు. నాకు గుర్తొచ్చే ఇల్లు వేరు. పెళ్ళైన మరుసటేడు, 1986 ఆగస్టు. ఎర్రటి వరదనీళ్ళు వచ్చాయంటే మొదట అందరూ సరదాగా గట్టు మీదకెళ్ళి చూసొచ్చారు. రాత్రికి నీళ్ళు అరుగెక్కాయి. ఆ ఏడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయని తరవాత తెలిసింది. మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసేది 17 లక్షలకి, అంటే దానికి రెట్టింపు. బియ్యం, నా పెళ్ళి పట్టుచీరలు గోనెసంచుల్లో కట్టి అటకెక్కించి, ఊళ్ళో ఉన్న ఒక్క మేడ మీదకి వెళ్ళాం. నలభై మందిమి. రెండు పగళ్ళు, రెండు రాత్రులు. మగవాళ్ళు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు, కొబ్బరి బొండాలు తాగి బతికామని, దూడని భుజాన వేసుకుని ఈదామని. ఆడవాళ్ళం ఆ రెండు పగళ్ళూ నీళ్ళు తాగడానికి భయపడ్డాం. చీకటి పడేదాకా గొంతు ఎండబెట్టుకుని కూర్చున్నాం. ఎందుకో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏ వరద కథలోనూ ఈ ముక్క ఉండదు.

1996 నవంబరు 6 తుఫానుకి తోట పోయింది. మాకున్న ఎనభై చెట్లలో పదకొండు మిగిలాయి. మిగిలినవాటికి కూడా మొవ్వులు మెలితిరిగిపోయాయి. కొబ్బరిచెట్టు మళ్ళీ వేసి కాయ కోసుకోవాలంటే ఆరేడేళ్ళు. మావయ్యగారు అప్పుడు కుంగిపోయినవారు మళ్ళీ పూర్తిగా లేవలేదు. 2009లో పోయారు.

ఆ తరవాత అత్తయ్యగారు ఆ ఆరు గదుల ఇంట్లో పదమూడేళ్ళు ఒంటరిగా ఉన్నారు. మా దగ్గరికి రమ్మంటే వచ్చేవారు కాదు. ఐదు గదులకి తాళాలు వేసి, వంటింటి పక్క గదిలో నవారు మంచం మీద ఉండేవారు. 2017లో తెల్లవారుజామున పెరట్లోకి వెళ్తూ బావి చప్టా మీద పాకుడుకి జారారు. తుంటి ఎముక విరిగింది. పాలబ్బాయి వచ్చి కేకేసేదాకా మూడు గంటలు అక్కడే పడి ఉన్నారు. రాత్రి వాన కురిసిందేమో, చీర తడిసిపోయి ఒళ్ళంతా చల్లబడిపోయింది. 2022 జూలైలో మళ్ళీ పెద్ద వరద, 25 లక్షలు దాటింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు కుర్చీతో సహా ఎత్తి బోటులో పెట్టి తెచ్చారు. ఆ వయసులో అలా నలుగురి చేతుల మీద రావాల్సొచ్చినందుకు ఆవిడ ఏడ్చారు, వరదకి కాదు.

మా ఇంట్లో ఉన్న చివరి ఏడాదిలో ఒకరోజు చిక్కుళ్ళు ఈనె తీస్తూ ఉన్నట్టుండి అన్నారు: "ఆ ఇల్లు నాకెప్పుడూ నచ్చలేదే అమ్మాయ్. నన్నెవరడిగారు?"

అరవై ఏళ్ళు ఆ ఇంటికి ముగ్గులు పెట్టిన మనిషి. ఈ మాట మా ఆయనకి చెబితే "అమ్మ అలా అనదు" అన్నారు.

అందుకని ఆయనకి ఆయన భాషలోనే చెప్పాను. ఏవండీ, మీరు నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. మన దేశంలో ఆడవాళ్ళ ఆయుర్దాయం సగటున రెండు మూడేళ్ళు ఎక్కువ. రెండూ కలిపితే సుమారు ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళు మీరు ఎంచుకున్న ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి కలనగణితం చెప్పారు, ఈ కూడిక ఎందుకు చెయ్యలేదు? కాసేపు మాట్లాడలేదు. తరవాత "అశుభం పలక్కు" అన్నారు. లెక్కలవాళ్ళు తప్పు దొరికితే ఇలాగే అంటారు.

ఆయన్ని వెటకారం చేయడానికి రాయడం లేదు. ఊళ్ళో మంచి లేకపోలేదు. పాలబ్బాయి గమనించాడు కాబట్టే అత్తయ్యగారు బతికారు, అపార్ట్‌మెంటులో అయితే ఎవరికి తెలుస్తుంది? పక్కింటివాళ్ళు కంద తవ్వితే మనకో దుంప వస్తుంది, పనసకాయ కొట్టిస్తే పొట్టు వస్తుంది. ఆయనకైతే టీకొట్టు దగ్గర ముగ్గురు స్నేహితులు, చిన్నప్పటి నుంచీ "ఒరేయ్" అనుకునేవాళ్ళు. నాకు అక్కడెవరున్నారు? దాదాపు నలభై ఏళ్ళ తరవాత కూడా నేను ఫలానావారి కోడల్ని. నన్ను పేరుతో పిలిచేవాళ్ళంతా నాతో పనిచేసిన టీచర్లు, ఎక్కువమంది అమలాపురంలో ఉన్నారు.

మిగతా ఊళ్ళూ చూశాం లెండి. నాకు కాకినాడ ఇష్టం. పెన్షనర్ల స్వర్గమని ఊరికే పేరు రాలేదు. తిన్నటి వీధులు, పెద్దాసుపత్రి, సాయంత్రం సముద్రపు గాలి. ఆయనకి తోట మరీ దూరమైపోతుందని దిగులు. రాజమండ్రిలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాదు, విమానం కూడా ఉంది, కానీ ఆ వేసవి ఎండ ఈ వయసులో నావల్ల కాదు. భీమవరం వైపు మా చెల్లెలుంది. చుట్టూ రొయ్యల చెరువులు, బోరు వేస్తే ఉప్పునీళ్ళు, డబ్బుకి మాత్రం కరువు లేదు. హైదరాబాదులో అబ్బాయి ఫ్లాటు పద్నాలుగో అంతస్తు. బాల్కనీలో నిలబడితే నాకు కళ్ళు తిరుగుతాయి, కోడలికేమో మేం వచ్చినప్పటి నుంచి ఏం వండాలా అని టెన్షన్. మంచి పిల్ల, దాన్ని అంత కష్టపెట్టడం దేనికి?

పొలం అమ్మి పిల్లల ఫ్లాటులో పెట్టేద్దామనుకునేవాళ్ళకి మాత్రం ఒక ముక్క. ఇంటినో స్థలాన్నో పిల్లల పేర గిఫ్టు డీడు రాసేటప్పుడు "మమ్మల్ని చూసుకోవాలి" అనే షరతు అందులో రాయించండి. 2007లో వచ్చిన వృద్ధుల సంరక్షణ చట్టంలో 23వ సెక్షను ఉంది. షరతు రాసి ఉండి, వాళ్ళు చూడకపోతే ఆర్డీఓ గారి దగ్గర ట్రిబ్యునల్లో ఆ డీడు రద్దు చేయించుకోవచ్చు. షరతు లేకుండా ప్రేమకొద్దీ రాసేస్తే ఆ దారి చాలా కష్టం. "మా వాడు అలాంటివాడు కాదు" అంటారు. ఎవరి వాడూ అలాంటివాడు కాదు.

చివరికి నేను పెట్టిన షరతు ఇది: తాపీమేస్త్రిని పిలిచేముందు, ఉన్న ఇంట్లో ఉన్నట్టుగా, మే నెలలో పదిహేను రోజులు, ఆగస్టులో పదిహేను రోజులు ఉండి చూద్దాం. మే నెలలో ఆయన బింకంగానే ఉన్నారు. రాత్రి కరెంటు పోతే వాకిట్లో మంచం వేసుకుని "ఆ చుక్కలు చూడవే" అన్నారు. నేను దోమలు చూశాను.

ఆగస్టులో ఏరు పొంగి కాజ్‌వే మునిగింది. మొదటి హెచ్చరికే, అంటే 10 లక్షలు. అదేం పెద్ద వరద కాదు, ఊళ్ళోవాళ్ళకి లెక్కేలేదు. కానీ ఆయన బీపీ మాత్రలు అయిపోయాయి. ఆటో రాదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఆ మాత్ర లేదు. నాటు పడవలో అవతలికి వెళ్ళి, అక్కడి నుంచి ఎవరిదో బండి వెనకాల కూర్చుని వెళ్ళి, నాలుగు గంటల తరవాత వచ్చారు. పంచె మోకాళ్ళదాకా తడిసి ఉంది, మాత్రల పొట్లం పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. అరుగు మీద కూర్చుని ఒక మాత్ర వేసుకుని, ఏటి వంకే చూస్తూ ఉండిపోయారు. నేనేమీ అనలేదు. కాఫీ ఇచ్చాను. ఉయ్యాల బల్ల మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు అమలాపురంలో కింద వాటా అద్దెకి తీసుకున్నాం. అద్దె పదకొండు వేలు. పాతిక లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో వేశాం. మేం వేసినప్పుడు 8.2 శాతం, అంటే నెలకి పదిహేడు వేలు లెక్క పడుతుంది, మూడు నెలలకోసారి ఇస్తారు. అద్దె పోను మందులకీ మిగులుతోంది. గుమ్మానికి ఒకటే మెట్టు. బాత్రూం పడకగదిలోంచే, గోడకి పట్టుకునే కడ్డీ నేనే బిగించమన్నాను. మందుల షాపు నూట ఎనభై అడుగులు, లెక్కపెట్టాను. ఊళ్ళోనే మెడికల్ కాలేజీ ఉంది, కానీ గుండె ఆపరేషనంటే కాకినాడో రాజమండ్రో పరిగెత్తాలి, అరవై కిలోమీటర్ల పైమాట. రైలు లేదు. కోటిపల్లి-నరసాపురం లైను కోసం గౌతమి పాయలో వంతెన స్తంభాలు లేచాయి, రైలు వచ్చేసరికి మేం ఉంటామో లేదో. అన్నీ ఉన్న ఊరని నేను చెప్పడం లేదు. ఈ ఊరు నేనూ ఎంచుకున్నాను.

ఆయన రోజూ పొద్దున్నే బస్సెక్కి తోటకి వెళ్ళొస్తారు. టీకొట్టు, ముగ్గురు స్నేహితులు, దింపు లెక్కలు చూసుకుని భోజనం వేళకి వచ్చేస్తారు. సాయంత్రం మా టీచర్లు నలుగురు వస్తారు. అప్పుడాయన లోపలి గదిలోకి వెళ్ళిపోయి న్యూస్ సౌండు పెంచుతారు. వరదల రోజుల్లో మాత్రం ఆయనే బయటికొచ్చి "పదకొండు లక్షలట, పెరుగుతోందట" అని మాకు చెప్పి వెళ్తారు.

ఆ ఫొటో పెట్టిన మాస్టారికి నిన్న గ్రూపులోనే ఒక ప్రశ్న రాశాను: "ఇల్లు చాలా బాగుందండీ. బాత్రూం ఎక్కడ?" ఆయన ఇంతవరకూ జవాబివ్వలేదు. వాళ్ళావిడ మాత్రం రాత్రి ఫోన్ చేసింది.

"పెరటి చివర, టీచరుగారూ" అంది. "లైటు కూడా లేదండి."