పిన్నీసు పురుషోత్తములు

పోయిన నవంబరు 25న మధ్యాహ్నం మేము స్త్రీలపై హింసను అంతం చేశాం. మేమంటే నేనూ, మరో నలభై మంది మగవాళ్ళూ. పని పెద్దదే గానీ మూడు గంటల్లో ముగించేశాం. అందులో ఇరవై నిమిషాలు పిన్నీసులకే పోయాయి, లేకపోతే ఇంకా ముందే అయిపోయేది.

ఆ పిన్నీసుల సంగతి చెప్పకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు. హాలు గుమ్మం దగ్గర బల్ల మీద తెల్ల రిబ్బన్ ముక్కలు, పక్కన ఒక డబ్బాలో పిన్నీసులు పెట్టారు. రిబ్బన్ని మడిచి, రెండు కొసలూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా తిప్పి, కలిసిన చోట పిన్నీసు గుచ్చి చొక్కాకి తగిలించుకోవాలి. ఊడిన గుండీ మర్నాటికల్లా దానంతటదే మొలుస్తుందని నమ్మే మగవాళ్ళకి ఒకేసారి పిన్నీసులిస్తే ఏమవుతుంది? ఒకాయన బొటనవేలు పొడుచుకుని సమానత్వం కోసం తొలి నెత్తుటి చుక్క ధారపోశాడు. ఇంకొకాయన చొక్కాతో పాటు లోపలి బనియన్ని కూడా కలిపి గుచ్చేశాడు. లోకంలో హింస పోయేదాకా ఆ చొక్కా ఒంటి మీంచి ఊడి రాదు. ఒక పెద్దాయన మాత్రం కంగారు పడలేదు. అసలు డబ్బా ముట్టుకోలేదు. ఛాతీ విరుచుకుని, చూపు ఎక్కడో దూరాన నిలిపి, అలా నిలబడ్డాడంతే. వాలంటీరు అమ్మాయి ఒకతె పరుగున వచ్చి గుచ్చింది. దాంతో మిగతావాళ్ళకీ కిటుకు తెలిసిపోయింది. చూస్తుండగానే ఛాతీలన్నీ వరసలో సిద్ధమైపోయాయి. ఇద్దరమ్మాయిలు ఆ వరస పొడవునా వంగుతూ లేస్తూ మగజాతికి సమానత్వం తగిలిస్తూ పోయారు. నాకూ వాళ్ళే పెట్టారు. అబద్ధమెందుకు, బాగానే అనిపించింది.

అయిపోయిందనుకునేంతలో సెల్ఫీ దిగిన ఒకాయన కేక పెట్టాడు. ఫోటోలో రిబ్బన్ కుడివైపు పడిందట. "ఫోటో ఎదుటివాళ్ళు చూసినట్టు వస్తుంది సార్. మీ ఎడమ అక్కడ కుడిలా కనబడుతుంది" అంది అమ్మాయి. "నా గుండె ఎటుంటుందో నాకు తెలీదామ్మా?" అన్నాడాయన. ఆ అమ్మాయి ఇంకేమీ అనకుండా తీసి రెండోవైపు పెట్టింది. మళ్ళీ సెల్ఫీ. ఈసారి ఫోటోలో ఎడమవైపు, ఒంటి మీద కుడివైపు. ఆయనకి తృప్తి కలిగింది. ఎదుటివాళ్ళకి మనం ఎలా కనబడతామో ఒక ఆడపిల్ల చెబితే వినే అలవాటు మాలో ఎవరికీ లేదు కాబట్టి, అందులో వింతేమిటో కూడా ఎవరికీ తట్టలేదు.

వేదిక మీద ఐదు కుర్చీలు, ఐదుగురు మగవాళ్ళు. స్త్రీల సమస్య కదా, పాపం స్త్రీలకి శ్రమ కల్పించడమెందుకని. వక్తల్లో ఒకావిడ కూడా ఉన్నారు. దెబ్బలు తిని ఇల్లు వదిలి వచ్చేసిన ఆడవాళ్ళతో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. ఆవిడకి పది నిమిషాలిచ్చారు. నాలుగో నిమిషంలో అధ్యక్షులవారు మైకు అందుకుని "మేడమ్ చెప్పొచ్చేదేమిటంటే" అని మొదలుపెట్టి తొమ్మిదో నిమిషం దాకా ఆవిడ మనసులో ఉన్నదంతా ఆవిడకే వివరించారు. మిగిలిన నిమిషంలో ఆవిడ ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు. ఆవిడ చప్పట్లు కూడా అధ్యక్షుడి లెక్కలోకే పోయాయి.

ఆ రిబ్బన్ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం వేదిక మీద ఒక్కరూ చెప్పలేదు. 1989 డిసెంబరు 6న కెనడాలోని మాంట్రియల్‌లో ఒకడు తుపాకీ పట్టుకుని ఇంజనీరింగ్ కాలేజీలోకి వచ్చాడు. ఒక తరగతి గదిలో మగవాళ్ళని బయటికి పంపేసి, ఆడవాళ్ళని విడిగా నిలబెట్టి కాల్చాడు. ఆ రోజు ఆ కాలేజీలో 14 మంది ఆడవాళ్ళు చనిపోయారు. రెండేళ్ల తర్వాత, 1991లో, కెనడాలో కొందరు మగవాళ్ళు ఇది మా పని, మేమే మాట్లాడాలి అని తెల్ల రిబ్బన్ కట్టారు. ఇక నవంబరు 25 అంటారా, 1960లో అదే రోజున డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహీయో మనుషులు మీరాబల్ అక్కచెల్లెళ్ళు ముగ్గురిని చంపారు. 1999లో ఐక్యరాజ్యసమితి ఆ తేదీని స్త్రీలపై హింస నిర్మూలన దినంగా ప్రకటించింది. ఇవన్నీ చెబితే గ్రూప్ ఫోటోలో మొహాలు బాగా రావని నిర్వాహకులు భావించి ఉంటారు.

తర్వాత శిక్షణ. కుర్రాడొకడు బోర్డు మీద ఒక పెట్టె గీసి, మగాడంటే ఏమిటో చెప్పండి, ఇందులో రాస్తాను అన్నాడు. ఏడవడు, భయపడడు, ఎవరి సాయమూ అడగడు, ఇంట్లో చివరి మాట తనదే. పెట్టె ఇట్టే నిండిపోయింది. నిజానికి ఆ హాల్లో మేమందరం ఉత్సాహంగా పాల్గొన్నది ఆ ఒక్క దాంట్లోనే. ఆస్ట్రేలియాలో 18 నుంచి 30 ఏళ్ల మధ్య కుర్రాళ్ళని వెయ్యి మందిని అడిగి ఈ పెట్టె మీద 2018లో ఒక అధ్యయనం చేశారట. పెట్టెలోని సూత్రాలను ఎంత గట్టిగా నమ్మితే ఎదుటివాళ్ళని హింసించడమూ అంత ఎక్కువ, తమ ప్రాణం తాము తీసుకోవాలన్న ఆలోచనలూ అంత ఎక్కువ అని తేలిందట. హాల్లో ఒక్కసారి నిశ్శబ్దం. అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన చెయ్యెత్తి, ప్రతి సభలోనూ ఎవరో ఒకరు అడిగి తీరాల్సిన ప్రశ్న అడిగాడు: "మరి మగవాళ్ళ మీద హింస సంగతేమిటి?"

సబబైన ప్రశ్నే. ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్ళలో నూటికి ఎనభై మంది దాకా మగవాళ్ళే. చంపేవాళ్ళలోనూ నూటికి తొంభై మంది దాకా మగవాళ్ళేనని బోర్డు దగ్గరి కుర్రాడు చెప్పేసరికి, అడిగినాయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ కుర్రాడి నోటే మైకేల్ ఫ్లడ్ అనే పేరు విన్నాను. బ్రిస్బేన్‌లో, క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో సోషియాలజిస్టు. హింసను ఆపే పనిలోకి మగవాళ్ళని ఎలా దింపాలన్నదే ఆయన చదువూ, ఉద్యోగమూ. ఫ్లడ్ అంటే వరద. దశాబ్దాలుగా అంత వరద వస్తున్నా మేము గొడుగు వేసుకుని పొడిపొడిగా తిరిగేస్తున్నామంటే మా గొడుగుని మెచ్చుకోవాలి. ఇంటికి వచ్చాక ఆయన రాసినవి కొన్ని చదివాను. చదవకుండా ఉంటే హాయిగా ఉండేది. మగవాళ్ళలో ఎక్కువమంది కొట్టరు అంటాడాయన. ఇక్కడిదాకా చదివి నేను కాలరెగరేశాను. ఆ ఎక్కువమందే కొట్టేవాళ్ళని చూసి ఏమీ అనరు అన్నది తర్వాతి మాట. ఒక పూట ఉపన్యాసంతో ఎవరూ మారరట, నెలల తరబడి కూర్చోబెట్టి మాట్లాడించాలట. పైగా మగవాడు ఈ పనిలో పిసరంత చేస్తే చాలు, పీఠమెక్కించి పూజిస్తారట. నేను గ్రూప్ ఫోటో కింద వచ్చిన లైకుల వైపు ఒకసారి చూసుకుని పేజీ తిప్పేశాను.

ఆస్ట్రేలియాకే చెందిన మరో సోషియాలజిస్టు రేవిన్ కానెల్ ఆడవాళ్ళు అణిగి ఉండడం వల్ల మగవాళ్ళందరికీ ఊరికే దక్కే లాభానికి ఒక పేరు పెట్టింది: పితృస్వామ్య డివిడెండు. షేర్లు కొననక్కర్లేదు, కంపెనీ మీటింగుకి వెళ్ళనక్కర్లేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోనక్కర్లేదు. ఎవడో ఎక్కడో కొడుతూ ఉంటాడు. ఆ భయంతో ఆడది గొంతు తగ్గించి మాట్లాడుతుంది, చీకటి పడకముందే ఇల్లు చేరుతుంది, ఎందుకొచ్చిన గొడవలే అని సర్దుకుంటుంది. ఆ లాభంలో నా వాటా నా ఖాతాలో పడుతుంది. నా చేతులు శుభ్రంగానే ఉంటాయి. రిబ్బన్ పెట్టుకుంటే బోనసు కూడా.

ఇక ప్రతిజ్ఞ. అందరం లేచి, చెయ్యి చాచి, చదివాం. స్త్రీలపై హింసకు పాల్పడను, దాన్ని సమర్థించను, చూస్తూ మౌనంగా ఉండను. మొదటిది గట్టిగా అరిచాం. రెండోదీ వినబడింది. మూడోదానికి వచ్చేసరికి కుర్చీలు జరుపుకునే చప్పుడులో సరిగా వినబడలేదు.

తర్వాత విరామం. గుమ్మం పక్కన ఎనిమిది మందిమి గుంపుగా నిలబడ్డాం. ఒకాయన, మంచివాడే, రిబ్బన్ కూడా సరైన వైపే ఉంది, పెళ్ళాన్ని దారిలో పెట్టడం గురించి ఒక జోకు వేశాడు. అది ఇక్కడ రాయను. మాటతో ఆగక, చెయ్యి వెనక్కెత్తి ఎలా ఇవ్వాలో చేసి చూపించాడు. చెయ్యెత్తినప్పుడు చొక్కా లాగి రిబ్బన్ వంకర పోయింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పూర్తిగా కాదు, ముక్కుతో, అటూ ఇటూ కాకుండా. ఇలాంటి చోట ప్రతివాడూ తనకొక్కడికే ఇబ్బందిగా ఉంది, మిగతా అందరికీ నచ్చింది అనుకుంటాడని ఈ పరిశోధకులు చెబుతారు. అంటే ఆ గుంపులో బహుశా ఒక్కడి జోకుని ఏడుగురం మోశాం. పిన్నీసులు పెట్టిన అమ్మాయి పక్కనే బల్ల మీద మిగిలిన రిబ్బన్ ముక్కలు ఏరి డబ్బాలో వేస్తోంది. తల ఎత్తలేదు. వినబడలేదని కాదు. ముక్కలు ఏరే చెయ్యి ఒక్క క్షణం ఆగింది, నేను చూశాను.

చూసి ఏం చేశాను? ఏమీ చెయ్యలేదు. "ఏంటి గురూ ఇది" అని మూడు ముక్కలు. అంతే కదా కావలసింది. చట్టం చెయ్యమన్నారా, తుపాకీకి అడ్డం పడమన్నారా? అప్పుడే ప్రతిజ్ఞ చేసి వచ్చిన నోటికి మూడు ముక్కలు రాలేదు.

2023లో ప్రపంచవ్యాప్తంగా 51,100 మంది ఆడవాళ్ళని, ఆడపిల్లల్ని వాళ్ళ భర్తో, ప్రియుడో, ఇంట్లోవాళ్ళో చంపారని ఐక్యరాజ్యసమితి లెక్క. రోజుకి 140 మంది. పది నిమిషాలకొకరు. మేము ఛాతీలు విరుచుకుని పిన్నీసులు పెట్టించుకునేలోపు ఇద్దరు. మా కార్యక్రమం ముగిసేసరికి పదిహేడు మందో, పద్దెనిమిది మందో. చీకట్లో దారి కాచిన వాడు కాదు, ఇంటి తాళంచెవి జేబులో ఉన్నవాడు. వాళ్ళలో ఎంతమందిని చంపినవాడు అంతకుముందు ఏదో ఒక గుంపులో నిలబడి, చెయ్యెత్తి చూపించి, నవ్వించి ఉంటాడు? ఎవరూ ఏమీ అనలేదని చూసుకుని ఇంటికెళ్ళి ఉంటాడు? ఆవిడ పోయాక మేము తీరిగ్గా అడుగుతాం, అన్నాళ్ళు ఎందుకు పడి ఉందో, బయటికి రావచ్చుగా అని. వాడెందుకు కొట్టాడని మా నోట రాదు. సిగ్గులేని నోళ్ళు మావి. బయటికి వచ్చినవాళ్ళ కథ చెప్పడానికి ఒకావిడ హాలుదాకా వస్తే, ఆవిడకి నాలుగు నిమిషాలు మించి ఇవ్వలేకపోయాం!

రాత్రి చొక్కా విప్పి బట్టల బుట్టలో పడేశాను. పొద్దున మా ఆవిడ జేబులు వెతుకుతూ "అబ్బా" అంది. పిన్నీసు తెరుచుకుని ఉంది, చూపుడువేలి కొసన చిన్న ఎర్రచుక్క. రిబ్బన్ మీద కూడా ఒక మరక పడింది.

"ఏమిటండీ ఇది?" అంది.

చెప్పాను. ఆవిడ నన్ను మీరు అంటుంది, నేను ఆవిణ్ణి నువ్వు అంటాను. దాని గురించి మరో వర్క్‌షాప్‌లో చూద్దామనుకున్నాను.

ఆవిడ అంతా విని, వేలు నోట్లో పెట్టుకుని, "మరి ఆ జోకు వేసినాయన్ని ఏమన్నారు?" అని అడిగింది. నేను పిన్నీసు మూస్తున్నట్టు నటించాను. ఆవిడ రెండోసారి అడగలేదు. చొక్కా మాత్రం బుట్టలోనే వదిలేసి వెళ్ళిపోయింది.

మరక నేనే ఉతికాను. పూర్తిగా పోలేదు గానీ, మడత లోపలికి తిప్పితే కనబడదు. వచ్చే నవంబరుకి పనికొస్తుందని సొరుగులో దాచాను.