పద్నాలుగేళ్ల పిల్లాడిది బద్ధకం కాదు

పొద్దున ఆరుంబావుకు బెంగళూరులో మా మారతహళ్లి వైపు ఏ అపార్ట్‌మెంట్ గేటు దగ్గరైనా నిలబడి చూడండి. మా పక్క ఫ్లాట్ అబ్బాయిది తొమ్మిదో తరగతి. ఈ ఏడాదిలోనే నన్ను దాటి ఎత్తు పెరిగాడు, గొంతు మారింది, నూనూగు మీసం వస్తోంది. రోజూ వాచ్‌మన్ గది గోడకు వీపు ఆనించి, బ్యాగు పొట్ట మీదికి తిప్పుకుని నిలబడే నిద్రపోతుంటాడు. ఒక షూ లేసు కట్టి ఉంటుంది, రెండోది వేలాడుతుంటుంది. వాళ్లమ్మ ఫాయిల్‌లో చుట్టిన దోసె చేతిలో పెడితే కళ్లు తెరవకుండానే నములుతాడు. "పన్నెండింటి దాకా పడుకోడు, పొద్దున లేపాలంటే రోజూ యుద్ధమేనండీ, ఒళ్లంతా బద్ధకం" అంటుందావిడ. వాడు ఒకరోజు లిఫ్టులో నాతో చెప్పింది వేరు: "పదిన్నరకే లైట్ తీసేస్తాను ఆంటీ, నిద్ర రాదు. ఫ్యాన్ చూస్తూ పడుకుంటా."

నేను వాడి మాటే నమ్ముతాను. సైన్సు కూడా వాడి వైపే ఉంది.

ఈ వయసులో ఎత్తు పెరగడం, మొటిమలు, చీటికీమాటికీ కోపాలు, అమ్మానాన్నల కంటే స్నేహితులే లోకమవడం, ఇవన్నీ ఇంట్లో చూస్తున్నవే కాబట్టి మళ్లీ చెప్పను. చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. వీటితో పాటే ఒంట్లోని గడియారం కూడా వెనక్కి జరుగుతుంది. చీకటి పడ్డాక ఒంటికి రాత్రయిందని చెప్పే హార్మోన్ మెలటోనిన్. యుక్తవయసులో అది చిన్నప్పటి కంటే ఆలస్యంగా మొదలవుతుంది, దాంతో నిద్ర గంటో రెండు గంటలో వెనక్కి పోతుంది. పైగా రోజంతా మేలుకుని ఉన్నా నిద్ర ముంచుకురావడం కూడా ఈ వయసులో నెమ్మదిస్తుంది. అమెరికాలో మేరీ కార్స్‌కాడన్ బృందం 1993లోనే ఈ ఆలస్యానికీ, ఒంట్లో వచ్చే ఎదుగుదల మార్పులకీ సంబంధం ఉందని చూపించింది. జర్మనీలో టిల్ రోన్నెబెర్గ్ బృందం 2004లో వేలమంది నిద్ర వేళలు చూసి, ఈ వెనక్కి జరగడం సుమారు ఇరవై ఏళ్ల దాకా సాగి అక్కడ మలుపు తిరుగుతుందని రాసింది. అంటే పద్నాలుగేళ్ల వాడిని ఐదున్నరకు లేపడమంటే నలభై ఏళ్ల మనిషిని మూడున్నరకు లేపి, స్నానం చేయించి, లెక్కలు చెయ్యమనడం లాంటిది. వారంలో ఐదు రోజులో ఆరు రోజులో మనం అలా లేస్తామా?

ఫోన్లు లాక్కుంటే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లు ఉంటారు. పడక మీద ఫోను ఉండకూడదు, అందులో నాకు రెండో మాట లేదు, ఆ వెలుగు నిద్రను ఇంకా చెడగొడుతుంది. కానీ 1993లో ఏ పిల్లాడి చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ లేదు కదా! యుక్తవయసుకు వచ్చిన ఎలుకల్లో కూడా ఇలాంటి మార్పే కనిపించింది, వాటికి ఇన్‌స్టా లేదు. స్కూలు ఆలస్యంగా పెడితే ఇంకా ఆలస్యంగా పడుకుంటారనేది రెండో వాదన. అమెరికాలోని సియాటెల్‌లో 2016లో హైస్కూళ్లు 7:50 నుంచి 8:45కి మారాయి. ముందూ తర్వాతా పిల్లల చేతికి నిద్రను కొలిచే పట్టీలు కట్టి చూస్తే రోజుకు 34 నిమిషాలు ఎక్కువ నిద్రపోతున్నారని తేలింది.

ఇక మన తెలుగువాళ్ల సంగతి. ఊరు మారాం, భాషలు నాలుగు నేర్చాం, తెల్లవారుజాము చదువు మీద నమ్మకం మాత్రం మూటకట్టుకుని బెంగళూరు దాకా తెచ్చుకున్నాం. "మేం నాలుగింటికి లేచి చదివే ఇంతవాళ్లమయ్యాం" అనే నాన్న లేని తెలుగు ఇల్లు నాకు ఎదురు కాలేదు. బ్రాహ్మీ ముహూర్తంలో చదివితే బుర్రకెక్కుతుందంటారు. ఆ పెద్దలు రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని తొమ్మిదింటికల్లా పడుకున్న సంగతి మరిచిపోతాం. ఇక్కడ నాన్న ఆఫీసు నుంచి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికే తొమ్మిది. పిల్లాడు ఐఐటీ ఫౌండేషన్ క్లాసు నుంచి వచ్చేది ఎనిమిదిన్నరకు. ఆ తర్వాత భోజనం, హోంవర్కు. రాత్రి పడుకునే వేళను ఇంత సాగదీసి, పొద్దుటి నిద్రను అంత కోస్తే మిగిలేది ఆరు గంటలు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని నిద్ర వైద్యులు చెబుతున్నారు.

కోసేది ఏ ముక్కో చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. రాత్రి మొదటి సగంలో గాఢనిద్ర ఎక్కువ, ఒళ్లు ఎదగడానికి కావలసిన హార్మోన్ ఎక్కువగా ఊరేది అప్పుడే. కళ్లు రెప్పల కింద గబగబా కదులుతూ కలలు వచ్చే నిద్ర ఉంటుందే, అది చివరి గంటల్లో, తెల్లవారుజామునే దట్టంగా వస్తుంది. పగలు జరిగినవాటిని, మనసులో రేగిన కోపాలూ అవమానాలతో సహా, మెదడు సర్దుకునేది నిద్రలోనే, అందులో ఈ చివరి గంటల పాలు పెద్దది. తొందరపాటును ఆపే ముందరి మెదడు పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. నిద్ర తగ్గితే మొదట తడబడేవాటిలో అదొకటి. రాత్రి చదివింది నిలబడాలన్నా, నిన్న స్నేహితుడు అన్న మాట ఇవాళ కొట్లాటగా మారకుండా ఉండాలన్నా కావలసిన గంటలనే, తెల్లవారుజామున చదివితే గుర్తుంటుందన్న నమ్మకంతో మనం తీసేస్తున్నాం. ఆదివారం వాడు పదకొండింటి దాకా పడుకుంటే దరిద్రం అని తిడతాం. వారమంతా మనం తీసుకున్న అప్పును వాడు ఆ ఒక్క పూటలో వసూలు చేసుకుంటున్నాడు, అంతే.

ప్రభుత్వాలకు ఈ సంగతి పట్టలేదని కాదు, పట్టిన చోట తలకిందులుగా పట్టింది. మహారాష్ట్ర 2024 ఫిబ్రవరిలో ఒక ఉత్తర్వు ఇచ్చింది, పిల్లలకు నిద్ర చాలడం లేదు కాబట్టి ఉదయం తొమ్మిదికి ముందు క్లాసులు పెట్టొద్దని. ఎవరికి? నాలుగో తరగతి దాకా! ఆరేళ్ల పిల్లలు తొమ్మిదింటికే పడుకుని తెల్లారేసరికి వాళ్లే లేచి ఇల్లంతా తిరుగుతారు, ఏ తల్లినడిగినా చెబుతుంది. ఆలస్యం నిజంగా అవసరమైనవాళ్లకు మాత్రం ఆ ఉత్తర్వు వర్తించదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో చెప్పింది పెద్ద పిల్లల గురించి, వాళ్ల బడులు 8:30కి ముందు తెరవొద్దని. కాలిఫోర్నియా దాన్ని చట్టం చేసింది, 2022 జులై నుంచి అక్కడి పబ్లిక్ హైస్కూళ్లు, కొన్ని గ్రామీణ ప్రాంతాలవి తప్ప, 8:30కి ముందు మొదలవకూడదు. అక్కడున్న మన బంధువుల పిల్లలు పడుకుని లేచి వెళ్తున్నారు, ఇక్కడి పిల్లలు గోడకు ఆనుకుని నిద్రపోతున్నారు.

మరి బెంగళూరు ఏం చేసింది? 2023లో ట్రాఫిక్ కేసులో హైకోర్టు స్కూలు వేళలు మార్చే విషయం చూడమంది. అప్పుడు వచ్చిన ఆలోచన బడులు ఇంకా ముందే తెరవాలని. రోడ్లు ఖాళీ చెయ్యడానికి పిల్లల నిద్ర! ఆ ఆలోచన సాగనందుకు సంతోషం, కానీ అది తట్టిందంటేనే ఈ ఊరు ఎవరి గడియారం ప్రకారం నడుస్తోందో తెలుస్తుంది. 2025 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ తగ్గించడానికి విప్రో క్యాంపస్ లోపలి నుంచి కొన్ని వాహనాలు వెళ్లనివ్వమని ముఖ్యమంత్రి సిద్ధరామయ్య స్వయంగా లేఖ రాశారు. కుదరదని అజీమ్ ప్రేమ్‌జీ మర్యాదగా జవాబిచ్చారు. వాళ్ల కారణాలు వాళ్లవి, దాని మీద నాకు పేచీ లేదు. నా బాధ వేరు. పెద్దవాళ్లను ఏదైనా అడగాలంటే ఉత్తరం రాస్తాం, కాదంటే ఊరుకుంటాం. ఐటీ కంపెనీ షిఫ్టు గంట కదిలించాలంటే నాలుగు సమావేశాలు కావాలి. పిల్లాడి నిద్రలోంచి గంట తీసుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఓటు లేదు, సంఘం లేదు, నిద్రమత్తులో నోరు కూడా లేవదు. ఆడుకునే ఖాళీ జాగాలు ఇలాగే పోయాయి, ఆ జాగాల్లో ఇప్పుడు కార్లు నిలబడి ఉన్నాయి.

నేను కొత్త చట్టం కోసం కూర్చోమనడం లేదు. మా వైపు చాలా బస్సులు పొద్దున రెండు ట్రిప్పులు వేస్తాయి. మొదటి ట్రిప్పులో హైస్కూలు పిల్లలు, గంట తర్వాత చిన్నవాళ్లు. అలాంటి బడుల్లో ట్రిప్పులు అటుదిటు చెయ్యండి. అదే బస్సు, అదే డ్రైవరు, అదే డీజిలు. టీచర్ల టైమ్‌టేబుల్ కొంచెం సర్దాలి, చిన్నపిల్లలు ముందుగా ఇంటికొస్తే చూసుకునేవాళ్లు ఉండాలి. ఇవి ఇబ్బందులే, కూర్చుని మాట్లాడుకుంటే తీరనివి మాత్రం కావు.

వచ్చే ఏడాది బస్సు రూట్లు ఫీజు కట్టే రోజుల్లోనే ఖాయం చేస్తారు. ఈసారి కౌంటరు దగ్గరికి వెళ్లినప్పుడు ఎనిమిదో తరగతి నుంచి పైవాళ్లను రెండో ట్రిప్పులో ఎక్కించమని కాగితం మీద రాసి ఇవ్వండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. పక్క ఫ్లాటువాళ్లతో కూడా రాయించండి. మా పక్కింటావిడ రాస్తానంది. అబ్బాయి సంతకం తనూ పెడతానన్నాడు.