వీడ్కోలు లేఖ ముందే రాసుకోండి

మల్టీప్లేయర్ షూటర్ గేమ్ మూతపడేటప్పుడు కంపెనీవాళ్లు ఒక లేఖ వదులుతారు. మీరూ చదివే ఉంటారు. మొదటి పేరాలో ఆటగాళ్లకు కృతజ్ఞతలు. రెండో పేరాలో ఎంతో ఆలోచించి, ఎంతో బాధపడి తీసుకున్న నిర్ణయం. మూడో పేరాలో సర్వర్లు ఆపేసే తేదీ. చివర్లో మళ్లీ కృతజ్ఞతలు, ఈసారి ఇంకొంచెం తడిగా. ఆట పేరు దగ్గర ఖాళీ వదిలిపెట్టి, అవసరమైనప్పుడల్లా నింపుకుంటున్నారని నా గట్టి అనుమానం.

పరిశ్రమ మేలు కోరేవాడిగా నాదొక సలహా. ముందు ఆ లేఖ రాయండి, ఆట సంగతి తర్వాత చూడొచ్చు. ఇంకా తెలివైనవాళ్లయితే ఆట జోలికే పోకుండా లేఖ ఒక్కటే విడుదల చేయండి. కోట్ల డాలర్లు మిగులుతాయి, ఆటగాళ్ల అనుభవంలో పెద్ద తేడా కూడా ఉండదు.

వెటకారం అనుకుంటే సోనీవారి కాంకార్డ్‌ను చూడండి. తయారుచేసిన ఫైర్‌వాక్ స్టూడియో పుట్టింది 2018లో. ఆట విడుదలైంది 2024 ఆగస్టు 23న. సర్వర్లు ఆగింది సెప్టెంబరు 6న. కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్‌లో ఒకేసారి ఆడినవాళ్ల సంఖ్య ఏ రోజూ 697 దాటలేదు. అదే రకం ఆటలు పక్కనే ఉచితంగా దొరుకుతుంటే దీనికి 40 డాలర్లు పెట్టారు. చివరికి అందరి డబ్బూ వెనక్కిచ్చేశారు. కంపెనీ ఇచ్చిన వివరణ ఏమిటయ్యా అంటే, కొన్ని అంశాలు తాము అనుకున్నట్టు కుదరలేదట. ఏం అనుకున్నారో, ఎవరు అనుకున్నారో మాత్రం చెప్పలేదు. రకరకాల హీరోలు జట్లు కట్టి కాల్చుకునే ఓవర్‌వాచ్ 2016లో హిట్టయిందని మాత్రం అందరికీ తెలుసు.

ఈ ఆటలు ఎలా పుడతాయో నేను చూడలేదు గానీ, ఊహించుకోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. 2016లో ఒక మీటింగ్. పెద్దాయన ఓవర్‌వాచ్ లెక్కలు చూసి వచ్చాడు. "మనకూ హీరోలు కావాలి" అన్నాడు. సరే, ఒక భారీ రోబో, దానికి వెన్నలాంటి మనసు. ఒక వైద్యురాలు. తుపాకీ పేలుస్తూ జోకులేసే రంగుజుట్టు అమ్మాయి. వీళ్లతోపాటు ఒక విలుకాడు పుట్టాడు. ఆర్టిస్టులు పాపం ప్రేమగా చేశారు. వాడికో ఊరు, చచ్చిపోయిన అన్న, తెగిన అల్లెతాడును మణికట్టుకు చుట్టుకునే అలవాటు.

2018 వచ్చింది. పెద్దాయన ఇంట్లో పిల్లలు ఫోర్ట్‌నైట్ ఆడుతున్నారు. మర్నాడే విలుకాడికి పారాచూట్ కట్టారు. వంద మందిని దించడానికి మ్యాప్ పెంచారు. "ఎవడికి వాడే చంపుకుంటుంటే వైద్యురాలు ఎవరికి వైద్యం చేస్తుంది సార్?" అని ఓ కుర్రాడు అడిగాడు. కాస్త పాజిటివ్‌గా ఆలోచించమన్నారు. 2019లో ఏపెక్స్ లెజెండ్స్ హిట్టయింది, ముగ్గురేసి జట్లు కట్టారు, వైద్యురాలికి ఉద్యోగం తిరిగొచ్చింది. 2020లో వాలరాంట్ వచ్చింది, విలుకాడి చేత బాంబు పెట్టించారు. ఆ తర్వాత ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్ మీద పడింది అందరి కళ్లు. పారాచూట్ ఊడబీకి సంచి ఇచ్చారు. మ్యాచ్‌లో చస్తే మోసుకెళ్లినదంతా పోవాలి, అదే మజా. "అయితే వీడి విల్లు కూడా పోతుందా?" అన్నాడు అదే కుర్రాడు. "పోతుంది. స్టోర్‌లో కొనుక్కుంటాడు." ఇన్నేళ్ల మీటింగుల్లో వెంటనే తేలిన విషయం ఇదొక్కటే. 2024లో హెల్‌డైవర్స్ 2 హిట్టయ్యేసరికి ఇక ఎవరూ కొట్టుకోకూడదు, అందరూ కలిసి పురుగుల్ని చంపాలి అని తేలింది. చివరికి ఆట విడుదలైంది. ట్రైలర్‌లో "మీరు ఇంతకుముందెన్నడూ చూడనిది" అని వేశారు. ఎన్నడూ చూడనిది నిజమే. విల్లు లేని విలుకాడిని ఎవరు చూశారు?

కాపీ కొట్టడం తప్పా అని అడగొచ్చు. ఫోర్ట్‌నైట్ చేసింది మాత్రం ఏమిటి? 2017 మార్చిలో పబ్‌జీ వచ్చింది, సెప్టెంబరుకల్లా ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్‌వాళ్లు బ్యాటిల్ రాయల్, అంటే చివరిదాకా బతికినవాడే గెలిచే ఆట, దించేశారు. ఒప్పుకుంటాను. కానీ వాళ్ల దగ్గర అప్పటికే గోడలు కట్టుకునే ఆట ఒకటి సిద్ధంగా ఉంది, నెలల్లో పని అయిపోయింది. ఏపెక్స్ కూడా తనదంటూ ఒకటి తెచ్చింది. నేల మీద తుపాకీ వైపు చూసి ఒక్క బటన్ నొక్కితే చాలు, ఆ తుపాకీ ఏమిటో, ఎక్కడుందో మీ పాత్రే జట్టుకు చెబుతుంది. మైకు లేకపోయినా, ముక్కూమొహం తెలియనివాళ్లతో హాయిగా ఆడొచ్చు. అది ఎవరో కూర్చుని ఆటగాడి గురించి ఆలోచిస్తే వచ్చింది. అసలు కౌంటర్ స్ట్రైక్ మొదలైంది ఒక మోడ్‌గా, అంటే ఉన్న ఆటను అభిమానులు మార్చి చేసుకున్న రూపంగా. పబ్‌జీ సృష్టికర్త బ్రెండన్ గ్రీన్ కూడా మోడ్లు చేసుకుంటూ వచ్చినవాడే. ట్రెండ్ మీటింగ్ గదిలో పుట్టదు. అక్కడికి చేరేసరికి దానికి వయసు మళ్లుతుంది.

ఇంకో చిత్రం. తమ ఆట వదిలి ఎవడూ కదలకూడదని ఆడేకొద్దీ బహుమతులిచ్చే బ్యాటిల్ పాసులు, సీజన్లు, రోజువారీ పనులు పెట్టింది ఈ పరిశ్రమే. పక్కవాడి ఆట వదిలి జనం తమ దగ్గరికి రావట్లేదేమిటని ఆశ్చర్యపోయేదీ ఈ పరిశ్రమే. మనిషికి సాయంత్రం ఒక్కటే ఉంటుంది బాబూ.

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఆ నక్క నయం, కాల్చుకుంది తన ఒళ్లే. ఇక్కడ వాత పెట్టమన్నవాడు ఒకడు, కాలేది ఇంకొకడికి. బాస్ కీ స్టూడియో లాబ్రేకర్స్ అనే షూటర్‌తో దెబ్బతిని, ఐదు నెలల్లో బ్యాటిల్ రాయల్ ఒకటి వండి 2018 ఏప్రిల్‌లో వదిలింది. మే నెలలో స్టూడియోయే లేదు. ఆర్కేన్ ఆస్టిన్ 2017లో ప్రే చేసింది, ఒంటరిగా ఆడుకునే అద్భుతమైన ఆట. ఆ చేతులతోనే రెడ్‌ఫాల్ అనే కో-ఆప్ షూటర్, అంటే నలుగురూ కలిసి ఆడేది, చేయించారు. 2023లో అది పల్టీ కొట్టింది, 2024 మేలో స్టూడియో మూసేశారు. ఫైర్‌వాక్‌నూ అదే ఏడాది అక్టోబరులో మూసేశారు. చేతనైన పని మాన్పించి, చేతకాని పని చేయించి, చేతకాలేదని ఇంటికి పంపడం ఏం న్యాయం? కుదరలేదన్న ఆ "అనుకున్నవాళ్లు" ఎవరూ రోడ్డున పడ్డట్టు నాకైతే కనబడలేదు. పడ్డది అల్లెతాడు గీసిన ఆర్టిస్టు. వాడు గీసింది ఇప్పుడు ఆడి చూపించుకుందామన్నా కుదరదు, సర్వర్ లేదు.

ఆ మాట దగ్గరే నాకు ఒళ్లు మండుతుంది. బాటిల్‌బోర్న్ 2016లో ఓవర్‌వాచ్‌కు మూడు వారాల ముందు వచ్చి, దాని కింద నలిగిపోయింది. సరే, ఓడింది. కానీ అందులో ఒక్కరే ఆడుకోగల కథ కూడా ఉండేది. 2021 జనవరి 31న సర్వర్లు ఆపేస్తే ఆ కథా పోయింది. డబ్బు పెట్టి కొన్న డిస్క్ అలమరాలో ఉంది, దాన్లో ఆట లేదు. 1996 నాటి క్వేక్‌కు సర్వర్ ఎవరైనా పెట్టుకోవచ్చు, ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. మీకు లాభం లేకపోతే మూసుకోండి, ఎవరూ కాదనరు. పోతూపోతూ ఆ సర్వర్ ప్రోగ్రామ్ మా మొహాన పడేసి పోవడానికి మీకేం రోగం? మీరు చెత్తబుట్టలో వేసినదాన్ని మేము ఏరుకుని పదిమందిమి కలిసి ఆడుకుంటే మీ తర్వాతి ఆటకు నష్టమనా భయం? దానికైతే లేఖ ఎలాగూ సిద్ధంగానే ఉంది కదా.