పురుగులకి ఒకే తిండి సరిపోతోంది కాబట్టి మనకీ చాలంటే ఎలా?

"చెక్క తినే పురుగు, నెత్తురు తాగే ఈగ జన్మంతా ఒకటే తిండితో బతికేస్తున్నాయి, కాబట్టి మనకీ రకరకాల తిండి, విటమిన్లు అక్కర్లేదు" అని ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. నమ్మి పిల్లలకి తిండి తగ్గించేవాళ్ళు ఉంటారనే ఇది రాస్తున్నా.

"చెక్కలోనే అన్నీ ఉన్నాయి" అంట. ఎక్కడున్నాయండీ, చెక్కలో ఉండేది చాలావరకు సెల్యులోజ్, లిగ్నిన్ అనే అరగని గట్టి పదార్థాలు, నత్రజని మరీ తక్కువ, అది లేకుండా ప్రోటీన్ ఎలా తయారవుతుంది? అమెరికా తూర్పు వైపు అడవుల్లో పుచ్చిన దుంగల్లో బెస్ బీటిల్ అని ఒక పెంకు పురుగు ఉంటుంది, దాని పేగులో బాక్టీరియా గాల్లోని నత్రజనిని పట్టి ఇస్తాయి, పైగా పెద్ద పురుగులు నమిలిన చెక్కపొట్టుని తమ పెంటతో కలిపి పిల్లలకి పెడతాయి, తామూ తింటాయి, ఎందుకంటే సూక్ష్మజీవులు సగం అరిగించి పెట్టిన తిండి అది. అలాగని పురుగు సొంతంగా ఏం చెయ్యదని కాదు. చైనా, కొరియా ప్రాంతాల నుంచి వెళ్ళి 1996లో న్యూయార్క్‌లో బయటపడ్డ ఆసియా లాంగ్‌హార్న్ బీటిల్ అనే చెక్క తొలిచే పెంకు పురుగు జీన్స్‌లోనే (జన్యువుల్లోనే) చెక్కని విరగ్గొట్టే ఎంజైములు బోలెడు, వాటిలో కొన్ని జీన్స్ ఎప్పుడో బాక్టీరియా, ఫంగస్‌ల నుంచి వచ్చి చేరినవే. మన మామిడి తోటల్లో కాండం తొలిచే పురుగుదీ ఇదే కుటుంబం.

"నెత్తురు సంపూర్ణ ఆహారం" అన్నది ఇంకా పెద్ద తప్పు. దోమని పక్కన పెట్టండి, దానికి పూల తేనె కూడా కావాలి, నెత్తురు తాగేది ఆడదోమే. అచ్చంగా నెత్తురు మీదే బతికేది ఆఫ్రికాలో నిద్రజబ్బు అంటించే సెట్సీ ఈగ, అందులో ఆడా మగా రెండూ తాగుతాయి. నెత్తుట్లో బి విటమిన్లు చాలవు, ఆ లోటు తీర్చేది దాని పేగు దగ్గర కాపురముండే విగుల్స్‌వర్తియా అనే బాక్టీరియా. అది లేకుండా చేస్తే ఆడ ఈగకి పిల్లలే పుట్టవు. ఈ ఈగ గుడ్లు పెట్టదు, ఒక్కో పిల్లని కడుపులోనే పాలతో పెంచుతుంది, ఆ పాలతోనే బాక్టీరియా కూడా పిల్లకి చేరిపోతుంది!

రెండిటినీ ఒకే గాటన కట్టడం కూడా తప్పే. పెంకు పురుగుకి నత్రజని కరువు, ఈగకి నెత్తుట్లో ప్రోటీనే ఎక్కువ కాబట్టి అది ఎక్కువై బయటికి పంపేసుకోవాలి, ఎగరడానికి కూడా చక్కెర బదులు ప్రోలిన్ అనే అమైనో యాసిడ్‌ని (ప్రోటీన్‌లో ఉండే ముక్క) వాడుకుంటుంది.

ఇక మన సంగతి. మన పెద్దపేగులో బాక్టీరియా బి12 చేస్తాయి నిజమే, కానీ మనం దాన్ని పీల్చుకునేది అంతకు పైనున్న చిన్నపేగులో, కాబట్టి తిండి నుంచే రావాలి. ఒకే తిండి మీద ఆధారపడితే ఏమవుతుందో మన దగ్గరే చూశారు, ఒకప్పుడు ఉత్తర సర్కారు (కోస్తా) జిల్లాల్లో తవుడు పోయేలా మిల్లు పట్టిన పచ్చి బియ్యం మీదే బతికినవాళ్ళకి బి1 విటమిన్ అందక నరాలు, గుండె దెబ్బతినే బెరిబెరి జబ్బు వచ్చేది, ఉప్పుడు బియ్యం తినేచోట్ల అంత ఉండేది కాదు, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడు ఆ విటమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది.