శాశ్వత వ్యవస్థాపక చైర్మన్ల హక్కుల పరిరక్షణ గురించి

తెలుగునాట దాతలకు జరుగుతున్న అన్యాయం మీద ఇంతవరకూ ఒక్క ధర్నా జరగలేదు. వాళ్ల కోరిక ఏమంత పెద్దది? ట్రస్టు పెట్టి ఆస్తిని ధర్మానికి రాసివ్వాలి, అందులోనే కాపురం ఉండాలి, దాని మీద అద్దె తీసుకోవాలి, గుమ్మం పక్కన నల్లరాతి మీద పేరు చెక్కించుకోవాలి. ఇంత చిన్న ముచ్చటకు చట్టం అడుగడుగునా అడ్డుపడుతోంది.

పేచీ 1882లోనే మొదలైంది. ఆ ఏడాది వచ్చిన భారత ట్రస్టుల చట్టం, ఆరో సెక్షన్లో, ట్రస్టు పెట్టే ఉద్దేశం, ప్రయోజనం, లబ్ధిదారు, ఆస్తి అనే నాలుగూ తేటతెల్లంగా ఉండాలంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. పెట్టినాయనే ట్రస్టీ అయితేనో, వీలునామా ద్వారా పెడితేనో తప్ప ఆస్తిని ట్రస్టీల పరం చెయ్యాలట! నిజానికి ఈ చట్టం కుటుంబ ట్రస్టుల వంటి ప్రైవేటు వాటికే, ధర్మ ట్రస్టులకు వర్తించదు. మొదటి సెక్షన్లోనే ఆ మాట ఉంది. అది చదివి, ధర్మ ట్రస్టు పెట్టిన చైర్మన్‌గారు ఊపిరి పీల్చుకునేలోపే, కోర్టులు ఇందులోని సూత్రాలనే తీసుకెళ్లి ధర్మ ట్రస్టులకూ అన్వయిస్తున్నాయి.

మన చైర్మన్‌గారు లౌక్యం తెలిసినవారు. మూలధనంగా అక్షరాలా 1,116 రూపాయలు రాయించారు. మూడంతస్తుల మేడకు మాత్రం ‘ట్రస్టు భవన్’ అని బోర్డు కట్టారు. మేడ ట్రస్టుకిచ్చేశానని సభలో చెప్పారు, నోటరీ కాగితం మీదా రాశారు. స్థిరాస్తి విషయంలో అలాంటి కాగితం చెల్లదు. రిజిస్టరు దస్తావేజైనా ఉండాలి, వీలునామాలోనైనా రాయాలి. రెండూ లేకపోతే ఆయన తదనంతరం మేడ కొడుకులది, 1,116 రూపాయలు ట్రస్టువి, బోర్డు ఎవరిదన్నది కొడుకులు తేల్చుకోవాలి. ఇక ఆ మేడకు ట్రస్టు నుంచి నెలనెలా అద్దె తీసుకుంటున్నారు కదా, అది బజారు రేటును మించితే వ్యవస్థాపకుడికి లాభం చేకూర్చినట్టు లెక్క. దాంతో పన్ను మినహాయింపుకు ఎసరు వస్తుంది.

దస్తావేజు లేఖరి దగ్గర ట్రస్టు డీడ్ ఎప్పుడూ తయారుగా ఉంటుంది. పేర్లు మార్చి ప్రింటు తీసిస్తాడు. పద్నాలుగో పేరాలో మాత్రం అంతకుముందు వచ్చినవాళ్ల ట్రస్టు పేరు అలాగే ఉండిపోతుంది. ఆశయాల పేరాలో వృద్ధాశ్రమం, గోశాల, గ్రూప్స్ కోచింగ్, యోగా, తుపాను సహాయం అన్నీ ఉంటాయి, ఎందుకైనా మంచిదని. వీటి మధ్య ధర్మకార్యం కానిది ఒక్కటి దూరి, దేనికెంత ఖర్చుపెట్టాలో ట్రస్టీల ఇష్టమని కూడా రాస్తే మొత్తం ట్రస్టే చెల్లదని కోర్టు అనవచ్చు. ‘మా కులంలోని పేద విద్యార్థులకు మాత్రమే’ అన్న వాక్యం మీద చైర్మన్‌గారికి ప్రత్యేకమైన మమకారం. పన్ను చట్టానికి ఆ మమకారం లేదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులకూ, స్త్రీలకూ, పిల్లలకూ తప్ప, ఒక కులానికో మతానికో పరిమితమైన ధర్మ సంస్థకు మినహాయింపు ఇవ్వదు. కల్యాణ మండపాల మీద కులం పేరు అడుగెత్తు అక్షరాల్లో రాసుకునే నేల మీద ఇలాంటి నిబంధన పెట్టడం ఎంత అమానుషం!

డీడ్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరవుతుంది. స్థిరాస్తి లేకపోతే అక్కడి రిజిస్టర్లలో నాలుగో పుస్తకంలో, ఉంటే ఒకటో పుస్తకంలో ఎక్కుతుంది. అక్కడితో ప్రభుత్వ గుర్తింపు వచ్చేసిందని ఫ్లెక్సీలు కడతారు. పాపం, సబ్ రిజిస్ట్రార్ చేసింది కాగితాన్ని నమోదు చేయడమే, అందులోని ధర్మాన్ని తూకం వెయ్యలేదు. తర్వాత ట్రస్టు పేరున పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తెచ్చుకోవాలి. ఆపైన ఆదాయపు పన్ను శాఖలో రిజిస్ట్రేషన్, దాతలకు పన్ను రాయితీ దక్కేందుకు పాత చట్టంలో 80జీ సెక్షన్ కింద ఇచ్చే ఆమోదం. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. చైర్మన్‌గారి లెటర్‌హెడ్ ఇంకా పాత నంబర్లతోనే ఉంది.

ట్రస్టీల ఎంపిక మాత్రం ఇంట్లోనే, టిఫిన్ల వేళ పూర్తయింది. భార్య, ఇద్దరు కొడుకులు, అల్లుడు, ఆడిటరు. బంధువులు ట్రస్టీలు కాకూడదని చట్టం ఎక్కడా అనదు, అది దాని ఉదారత. అయితే ట్రస్టీకి పదవీకాలమెంత, ఎలా తొలగించాలి, ఒకరు పోతే ఇంకొకరిని ఎవరు నియమిస్తారు, కోరం (సమావేశానికి కనీస హాజరు) ఎంత అన్నవి డీడ్‌లో లేవు. ‘చైర్మన్ నిర్ణయమే తుది నిర్ణయం’ అని ఒక్క వాక్యం ఉంది. చైర్మన్‌కు చావుంటుందన్న అశుభం దస్తావేజులో ఎవరు రాయిస్తారు? ఆ మర్నాటి నుంచి అన్నదమ్ములిద్దరూ చెరో మినిట్స్ పుస్తకం రాస్తారు, బ్యాంకువాళ్లు ఖాతా స్తంభింపజేస్తారు. ధర్మ ట్రస్టు మీద ఆసక్తి ఉన్న ఏ ఇద్దరైనా, కోర్టు అనుమతితో, సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద దావా వేసి ట్రస్టీలను తప్పించమని, లెక్కలు చూపించమని అడగవచ్చు. ఇద్దరు చాలట! ఊళ్లో చైర్మన్‌గారంటే పడని ఇద్దరిని వెతకడం అంత కష్టమా?

నిర్వహణలో బాధలు ఇంతకన్నా ఘోరం. ఏటా ఆదాయంలో 85 శాతం ఆశయాల మీదే ఖర్చుపెట్టాలి. మిగుల్చుకోవాలంటే దేనికోసమో చెప్పి, ఫారం గడువులోగా వెయ్యాలి, అదీ అయిదేళ్ల వరకే. అన్నదానం రోజున వంటవాళ్లలో ఎవరికైనా ఒక్క రోజులో పదివేలు దాటి నగదు ఇస్తే అది ఖర్చు కింద లెక్కలోకి రాదు. తిన్నవాళ్లు తిన్నట్టే ఉంటారు, ఆడిటు ప్రకారం వంటే జరగలేదు. పక్క ఊరి ట్రస్టుకు మనం, మనకు వాళ్లు విరాళాలిచ్చుకుని ఇద్దరి లెక్కా సరిచేసుకుందామంటే, ఇచ్చినదాంట్లో 85 శాతమే ఖర్చు అంటున్నారు. మిగులు సొమ్మును బావమరిది ఫైనాన్సు కంపెనీలో వేసే స్వేచ్ఛ కూడా లేదు. బ్యాంకు, పోస్టాఫీసు, ప్రభుత్వ బాండ్ల వంటి అనుమతించిన చోట్లే ఉండాలి. గుప్తదానం మహాపుణ్యమని పెద్దలన్నారు. పేరూ ఊరూ రాసుకోని విరాళాలు, మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే దాన్ని దాటితే ఆ పైమొత్తం మీద 30 శాతం పన్ను. పూర్తిగా మతపరమైన ట్రస్టులకు ఇందులో మాఫీ ఉంది. ఇక రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకు ఆ పన్ను రాయితీ రాదు.

డాలస్‌లో ఉన్న మేనల్లుడు పంపే సొమ్ము మీద చైర్మన్‌గారికి కొండంత ఆశ. భారత పాస్‌పోర్టు ఉన్నన్నాళ్లూ అతని సొంత సంపాదన విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మర్నాడు అతను సంక్రాంతికి ఊరొచ్చి రూపాయల్లోనే ఇచ్చినా అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి. సాధారణంగా ట్రస్టుకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం 15 లక్షల ఖర్చు ఉండాలి. డబ్బు ముందు స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ఖాతాకే రావాలి. మేనల్లుడు ఎదురుగా కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నా సరే.

విసిగిపోయిన చైర్మన్‌గారు, ట్రస్టు ఎత్తేస్తే మిగిలింది తనకే కదా అని విచారించారు. రాదు. మిగిలిన ఆస్తి అలాంటి మరో సంస్థకే పోవాలని డీడ్‌లో ఉంది, పన్ను రిజిస్ట్రేషన్ కోసం లేఖరి ఆ వాక్యాన్ని చెరపకుండా వదిలాడు. అందుకని ఇప్పుడు సొసైటీ పెట్టే ఆలోచనలో ఉన్నారు. దానికి 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఇంట్లోవాళ్లు ఆరుగురే. చిన్నకోడలికి నెలలు నిండాయి గానీ, వచ్చేవాడు సంతకం పెట్టేసరికి చాలా ఆలస్యమవుతుంది.